మంచి ఆకు తట్ట

2024 ఆగస్టు 3
నా రాత వంకర, తప్పులు ఎక్కువ. ఐదో తరగతితో బడి మానేశాను, మన్నించాలి. షెడ్డులో పట్టుపురుగులు చస్తున్నాయి. ఇంకో వారంలో గూళ్ళు కట్టాల్సినవి. మా ఆయన అన్న, బావ చెంగల్రాయుడు పక్క చేలో టమోటాకు కొట్టిన మందు మా మల్బరీ మీద పడిందని మా ఆయన అంటున్నాడు. "అన్నయితే ఏమి? రుజువు కానీ, సూడు. బోరు పైపు కోసేస్తా" అన్నాడు. వాళ్ళ తోటకు నీళ్ళు మా బోరువే.

ఆగస్టు 5
పలమనేరు నుంచి పట్టు ఆఫీసు మేడం వచ్చారు. టెస్ట్ అంట. రెండు తట్టల్లో మా షెడ్డు పురుగులే యాభయ్యేసి పెట్టారు. ఒకదానికి మందు పడిందన్న ఆకు, బావ గట్టు పక్కది. ఇంకోదానికి దూరం నుంచి తెచ్చిన మంచి ఆకు. మేత వేసే పని నాది. మందు తట్టలో చేయి పెట్టొద్దన్నాడు మా ఆయన. పైనుంచే వేస్తున్నాను.

ఆగస్టు 6
మంచి ఆకు తట్టలోనూ చచ్చాయి. ఎప్పుడూ చేసేదే కదా, మిగతావాటికి అంటకుండా చచ్చినవి ఏరి సున్నంలో వేశాను. పలచబడిన చోట షెడ్డులోవి తెచ్చి సర్దాను.

ఆగస్టు 7
ఇవాళా ఏరి, సర్దాను.

ఆగస్టు 8
మేడం లెక్క చూశారు. మందు తట్టలో సగానికి పైగా చచ్చాయి. మంచి తట్టలో ఒక్కటీ లేదు. నీ హస్తవాసి మంచిదమ్మా అని నవ్వారు. తర్వాత మా ఆయనకు వివరించారు. మంచి ఆకు తిన్నా కొన్ని వాటంతటవే చస్తాయంట. ఆ చావులు తీసేశాక మిగిలినవే మందు లెక్కలో వేయాలంట. ఇక్కడ తీసేయడానికి ఏమీ లేదు కాబట్టి మొత్తం మందువల్లేనంట.
మంచి తట్టలోంచి నేను ఏరి సున్నంలో వేసినవీ దాదాపు అన్నే ఉంటాయి. జబ్బు మా షెడ్డులోనే ఉంది. చుట్టూ మగవాళ్ళు. మేత గంప ఎత్తుకుని లోపలికి పోయాను.

ఆగస్టు 9
పైపు కోసేశాడు. తోడికోడలు లోకేశ్వరక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమ్మే, నా సేతి కూడు తిన్నదానివి. నీ పురుగుల్ని మేం సంపుతామా? కాయ దిగే టయానికి గొంతు కోసినారే" అంది.

ఆగస్టు 10
అన్నం పెడుతూ మా ఆయనకు చెప్పేశాను. కలిపిన ముద్ద అలాగే పట్టుకున్నాడు. "ఊరంతా ఇనింది. ఇప్పుడు పొయ్యి అన్న కాళ్ళు పట్టుకోవాల్నా? నోరు మూసుకో" అని లేచిపోయాడు.

ఆగస్టు 11
మేడంకు ఫోన్ చేసి అంతా చెప్పాను. మళ్ళీ టెస్ట్ పెడదాం, ఉన్న పురుగుల్ని కాపాడమ్మా అన్నారు. షెడ్డుకు పరుగెత్తాను. తట్టలన్నీ ఖాళీ. మా ఆయన గుంట పూడుస్తున్నాడు.

ఆగస్టు 19
బావ ఎండిపోయిన టమోటా చెట్లు పీకి గట్టున వేశాడు. అక్క మా వాకిలి వైపు చూడకుండా పోతోంది.

ఆగస్టు 20
అక్కకు చదువు రాదు. ఎదురుపడి చెప్పే మొహం నాకు లేదు, ఈ పుస్తకం వాళ్ళ గట్టు మీద పెడుతున్నాను. ఇది దొరికినవాళ్ళు ఆమెకు చదివి వినిపించి, తర్వాత కాల్చేయండి.