పోత పోసే షెడ్డు గుమ్మంలో

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉద్యోగం సంగతి కాలేజీ మొదటి ఏడాదే ఆలోచించు, పని జరిగే చోటు ముందే కళ్లారా చూసుకో అనేదానివి. సెలవుల్లో శిక్షణ ఇమ్మని అడగడానికి ఈరోజు నువ్వు పనిచేసిన ఫౌండ్రీకి వెళ్లాను. నువ్వు టైపు చేసిన గది దాటి, నీ రోజుల్లో ఆడవాళ్లను రానివ్వని షెడ్డు గుమ్మం దాకా వెళ్లాను.

షెడ్డు ఫోర్‌మన్ అక్కడే ఉన్నాడు. ఆయన్నే అడిగాను.

"ఫస్టియరే కదమ్మా! ఇప్పటిసంది పరేషాన్ ఎందుకు? ఫైనలియర్ల రా."

"అప్పుడొచ్చి చూశాక, ఈ పని నాకు నచ్చకపోతే ఏం చేయను సార్?"

ఆయన నవ్వాడు. "మస్తు హుషారున్నవ్. గీడనే నిలబడి చూడు." కళ్లకు అడ్డం పెట్టుకోమని నీలం అద్దం ఇచ్చాడు.

పోత మొదలవగానే అందరూ మాటలు ఆపేశారు. అక్కడ అదే ఆనవాయితీ అట. కరిగిన ఇనుము నీళ్లంత పలచగా అచ్చులోకి దిగింది. చర్చిలో కూడా నేనంత నిశ్శబ్దంగా నిలబడలేదు. జీవితమంతా నువ్వు బిల్లుల్లో బరువులు టైపు చేసిన ఆ ఇనుము ఇంతగా వెలుగుతుందని నీకెవరైనా చెప్పారా?

"భయమైందా?" అన్నాడు ఫోర్‌మన్.

"లేదు సార్. మళ్లీ చూడాలనుంది."

ఆయన నా కాళ్లవైపు చూశాడు. "సోమవారం చెప్పులతోని రాకు. బూట్లేస్కొని రా."

ఇంట్లో ఉన్నవి నేను కాన్వెంటులో చదివినప్పటి నల్ల బూట్లే. ఒక సైజు పెద్దవి కొన్నావని అప్పట్లో నీమీద అలిగాను. ఇప్పుడే తొడిగి చూశాను. సరిపోయాయి.