మగ్గం దిగే ఇల్లు

ఎమ్మిగనూరు

అన్నకు,

ఆదోనిలో వదినా పిల్లలూ కులాసా అనుకుంటాను. ఫోన్లో నీకు ఎదురు చెప్పలేక రాస్తున్నాను. అద్దె నాలుగు వేలు, బ్యాంకు కంతు తొమ్మిది వేలు, అదీ పదిహేనేళ్లు. అద్దే మేలన్నావు. నిజమే.

కానీ ఆ లెక్కలోకి మగ్గం రాలేదన్నా. కాళ్లు దిగేంత గుంట తవ్వితేగానీ మగ్గం నిలవదు. ఇప్పుడున్న ఇల్లు పడగొడతారట, నెలాఖరుకు ఖాళీ చేయాలి. అద్దెకు ఎక్కడ అడిగినా ఒకటే మాట: "బండలు పగలగొట్టి గుంట తవ్వుతారా? మీకు ఇల్లియ్యం, పోండమ్మా."

అందుకే ఆ చిన్న ఇల్లు కొందామన్నాం. భయంగానే ఉంది. ఒక్క నెల నేత ఆగితే కంతు ఎలా కడతామో నాకూ తెలియదు. అయినా జామీను సంతకం నువ్వే పెట్టాలి.

ఇంకో మాట. వదినకు చెప్పకు. నిన్న మీ బావ ఆ ఇల్లు చూసొస్తానని అమ్మే ఆయన దగ్గర తాళంచెవి అడిగి తీసుకున్నాడు. గడ్డపార కూడా పట్టుకుపోయాడని నాకు తెలియదు. సాయంత్రం ఒళ్లంతా మట్టితో వచ్చి, "ఎట్లాగూ మనదే గదా, గుంట తవ్వినా" అన్నాడు.

బ్యాంకువాళ్లు నీ సంతకం లేనిదే అప్పివ్వరట. ఆ ఇల్లు అమ్మే ఆయన ఆదివారం అక్కడికి వస్తాడు. నువ్వు శనివారమే రా అన్నా.

నీ చెల్లెలు