మెట్టుగా పరచిన రాయి

నాయినా,

నువ్వు పోయి నేటికి మూడేళ్ళు. షార్జాలో నాది ఇంకా రాళ్ళ పనే.

మా ఇంజనీరు యాన్‌ది పోలండ్. సెలవుకు వెళ్ళే ముందు నన్నొక సలహా అడిగాడు. వాళ్ళింటి ముందు మెట్టు ఒక యూదుల సమాధి రాయట. నలభై ఏళ్ళ కిందటి రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆ ఊరి యూదులను చంపేశాక, వాళ్ళ శ్మశానం రాళ్ళను ఊరివాళ్ళు ఇళ్ళకు తెచ్చుకుని, అక్షరాలు కనబడకుండా బోర్లా పరుచుకున్నారట. అక్షరం చెదరకుండా దాన్ని ఎలా లేపాలని అడిగాడు.

నువ్వు నేర్పిందే చెప్పాను. "గడ్డపార పెట్టకు సాబ్. నీళ్ళు పోసి నాననియ్యి. చుట్టూ మట్టి చేత్తోని తీసి, తాళ్ళేసి నిదానంగ లేపు."

నిన్న తిరిగొచ్చి ఫోటో చూపించాడు. ఒక్క పెచ్చు ఊడలేదు. ఇరుగుపొరుగు మాత్రం, "ఇప్పుడెందుకిది? రేపు ఆ యూదుల మనుషులొచ్చి వాళ్ళ ఇళ్ళు కూడా అడుగుతారు" అని కసిరారట. మూడోనాడు వాళ్ళమ్మే బకెట్టుతో నీళ్ళు తెచ్చి, రాయి కడిగి, ఎవరి పేరో చదవమందట. ఆ హీబ్రూ అక్షరాలు వచ్చినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు.

నీకూ చదువు రాదు. ఎవరో సుద్దతో రాసిచ్చిన పేర్ల మీద ఉలి నడిపేవాడివి. చెక్కడం అయ్యాక ఆ పేరు ఎవరిచేతైనా పైకి చదివించుకుని విన్నాకే ఉలి సంచిలో పెట్టేవాడివి.

అందుకే యాన్‌తో అన్నాను. "చదివేటోళ్ళను దేవులాడు సాబ్. పేరు వినంది పని ఖలాస్ కాదు."