మీ గంట పంపిస్తున్నాను

మార్లీన్ గారికి,

మీ యూనివర్సిటీలన్నీ కలిసి ఆడే కాన్ఫరెన్స్ లీగ్‌లోకి కొత్తగా ఏ యూనివర్సిటీని చేర్చుకోవాలో రేపు ప్రెసిడెంట్లు మీరంతా ఓటు వేస్తున్నారు. మా ఆశంతా మీ ఓటు మీదే. సరిగ్గా ఈ సమయంలోనే మా యూనివర్సిటీ పిల్లలు మీ స్టేడియంలోని గంటను ఎత్తుకొచ్చారు. మన ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు ఏటా జరిగే దొంగతనమే అయినా, ఈసారి మాత్రం వాళ్లను నా గదికి పిలిపించాను.

"ఈ ఒక్క వారం బుద్ధిగా ఉండలేకపోయారా?" అని అడిగాను.

"ఈ ఏడాది ఎత్తుకురాకపోతే, ఓటు కోసం వాళ్ల కాళ్ల మీద పడ్డామనుకోరా మేడమ్?" అంది వాళ్ల నాయకురాలు టెస్సా. ఇప్పుడు నేను చేస్తున్నది అదేనని ఆ పిల్లకు చెప్పలేకపోయాను.

గంటను మా కోచ్ కారులో పంపిస్తున్నాను. సొట్టలేమీ పడలేదు. పిల్లలు దానికి పూసిన మా జట్టు ఆకుపచ్చ రంగు మాత్రం ఎంత రుద్దినా పోవడం లేదు, క్షమించండి.

ఈ చోటు కోసం మాతో పోటీపడుతున్న, సముద్రతీరంలోని ఆ పెద్ద యూనివర్సిటీ ఆటలను టీవీలో ఎక్కువమందే చూస్తారు, కాదనను. వాళ్లు వస్తే మాతో ఆడటానికి మీకు తేదీ మిగలదని కూడా తెలుసు. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ తర్వాత మీ గంటకు తాళం వేసే పనే ఉండదు. అంత దూరం నుంచి దాన్ని ఎత్తుకుపోవడానికి ఎవరొస్తారు?

నది అవతలి నుంచి,
మీ పొరుగు యూనివర్సిటీ ప్రెసిడెంట్