బుద్ధిగా నాలుగు రోజులు

ఒహాయో, శుక్రవారం ఉదయం

ప్రియమైన తమ్ముడు ఎర్విన్‌కు,

ప్రభువు నామంలో నీ పెద్దక్క సవిల్లా దీవించి రాస్తున్నది. ఇక్కడ ఇంటా, పొరుగునా, సంఘంలోనూ అందరూ క్షేమం. ఆ అందరిలో నన్ను కలపడానికి మాత్రం కలం ఒప్పుకోవడం లేదు. జబ్బు కాదు, కంగారు పడకు. నువ్వూ, మరదలు కెటూరా, పిల్లలూ బాగున్నారని నీ ఉత్తరంలో చూశాను. దేవునికి స్తోత్రం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పొరుగింటి ఆల్టాకు మోకాలు నెమ్మదించింది. చర్చికి తన బండి తనే తోలుకొస్తున్నది. మన ముసలి గుర్రం పోయింది, బాధపడకుండా పోయింది. పీచ్ పండ్లు ఆలస్యంగా వచ్చినా మంచివి వచ్చాయి. ఎనభై నాలుగు సీసాలకు మూతలు బిగించాను. నేలమాళిగలోకి ఎనభై మూడే దిగాయి.

నీ స్నేహితులు సుఖంగా ఉన్నారా అని అడిగావు. చివర ‘ఇంకేమైనా విశేషం ఉందా అక్కా’ అని కూడా రాశావు. ఉంది. కుర్చీలో కూర్చుని చదువు. కెటూరాకు వినబడేట్టు చదువు.

మా విస్కాన్సిన్ నుంచి నాలుగు కుటుంబాలు, నాలుగు రోజులు, మన పాత ఊళ్ళు చూడాలని ముచ్చటపడుతున్నారు, అని ఆగస్టులో రాశావు. నేను ఎందుకని అడగలేదు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళను ఎందుకొచ్చారని అమ్మ ఏనాడూ అడగలేదు, నేనూ అడగను. అది నీకు తెలుసు. తెలుసు కాబట్టే ఈ పని చేశావు.

అద్దె వ్యాను దిగినవాళ్ళు ఇరవై ముగ్గురు. మగవాళ్ళకు కొట్టంలో గడ్డి మీద పరుపులు వేశాను. తల్లులకూ పిల్లలకూ మేడ గదులు ఇచ్చాను. నేను వంటింటి బల్ల మీద పడుకున్నాను. పూటకు ఏడు రొట్టెలు కాల్చాను. పని గురించి నాకు ఫిర్యాదు లేదు. పని చేస్తే నడుము నొప్పి పుడుతుంది, కోపం పుట్టదు.

భార్య పోయిన ఎనస్, అతని ఐదుగురు పిల్లలు మొదటి పూటే నా కంట్లో పడ్డారు. మిగతా పిల్లలు పిల్లల్లాగే ఉన్నారు. కోళ్ళను తరిమారు, మెట్ల మీద కొట్టుకున్నారు. ఈ ఐదుగురూ గుమ్మం దగ్గర కాళ్ళు రెండుసార్లు తుడుచుకున్నారు. తిన్న పళ్ళెం ఎవరికి వారు కడిగి బోర్లించారు. భోజనానికి ముందు మౌనంగా తలలు వంచినప్పుడు ఆరేళ్ళ ఎడ్నా ఎంత గట్టిగా కళ్ళు మూసిందంటే దాని ముక్కు ముడతలు పడింది. తల్లి లేని పిల్లలను ఎంత చక్కగా పెంచాడో ఆ మనిషి, అన్నాను ఆల్టాతో. “నా మనవళ్ళను ఒక నెల ఆయన దగ్గరికి పంపుతాను. తిరిగి పంపకపోయినా నేనేమీ అనుకోను” అంది ఆల్టా.

ఆ చక్కదనానికి వెల ఏమిటో అప్పుడు నాకు తెలియదు.

నీ స్నేహితుడు లీవై భార్య ఓర్ఫా మొదటి రెండు రోజులూ నా కొంగు వదల్లేదు. చలికాలం కీళ్ళు పట్టేస్తాయా వదినా, పాలు ఇంకా నువ్వే పితుకుతావా వదినా, ఒంటరిగా అలవాటైన ప్రాణం, పిల్లల సందడి తట్టుకోగలవా అని. మాటలపోగు మనిషిలే అనుకుని అన్నింటికీ జవాబు చెప్పాను. వేలంలో కొనేవాళ్ళు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడుతున్నారని గుర్రానికైనా తెలుస్తుందేమో, నాకు తెలియలేదు.

మూడో రోజు పీచ్ పండ్లకు కూర్చున్నాం. ఆడవాళ్ళమంతా తొక్కలు తీస్తుంటే చల్లారిన సీసాలను ఎడ్నా రెండు చేతులతో పట్టుకుని ఒక్కొక్కటే అలమర దగ్గరికి చేరుస్తున్నది. ఒకటి జారి పగిలింది. పోనీలే, సీసాకు ఆయుష్షు తీరిందని ఎవరో నవ్వారు. పిల్ల నవ్వలేదు. దెబ్బలకు భయపడే ఏడుపు నాకు తెలుసు. ఇది అది కాదు, సమాధి దగ్గర ఏడ్చినట్టు ఏడ్చింది. నేను నేల మీద కూర్చుని దాని చేతులు పట్టుకున్నాను.

“ఇప్పుడు నువ్వు మాతో రావా?” అంది.

“ఎక్కడికి తల్లీ?”

“మా ఇంటికి. మేం నాలుగు రోజులు బుద్ధిగా ఉంటే నువ్వు మాకు అమ్మగా వస్తావని ఎర్విన్ బాబాయ్ చెప్పాడు. ఇంక ఒక్క రోజే ఉంది. నేనే పాడుచేశాను.”

వంటింట్లో కత్తులన్నీ ఆగిపోయాయి. ఓర్ఫా చేతిలోని పండును చూస్తూ ఉండిపోయింది. నేను తప్ప అందరూ ఎరిగిన సంగతి అది.

సాయంత్రం చేతిపంపు దగ్గరికి ఎనస్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. “నువ్వు ప్రార్థన చేసుకుని, నన్ను పిల్లలతో వచ్చి కలవమన్నావని ఎర్విన్ చెప్పాడు. పిల్లలకు ఏం చెప్పాడో నాకు తెలియదు. తెలిస్తే ఆ వ్యాను ఎక్కేవాణ్ని కాదు” అన్నాడు. నన్నెవరూ ఏమీ అడగలేదని చెప్పాను. ఆయన టోపీ పెట్టుకోవడం కూడా మరిచిపోయి కొట్టం వైపు నడిచాడు. ఆయన మీద నాకు కోపం లేదు. నాతో చెప్పవలసింది ఏదైనా ఉంటే ఆయనకు చేతులున్నాయి, కలం ఉంది. మధ్యలో నువ్వు అక్కర్లేదు.

ఎర్విన్, నేను చేయని ప్రార్థనను నువ్వు నా పేరుతో చెప్పావు. నీ అబద్ధానికి దేవుణ్ణి సాక్షిగా నిలబెట్టావు. అమ్మ పోయేనాటికి నీకు తొమ్మిదేళ్ళు. నువ్వు చేసిన ఎన్ని పనులు నాన్న దాకా పోకుండా నేను కప్పానో నీకు గుర్తుందో లేదో. దీన్ని కప్పను.

మంచికే చేశానంటావు. అక్కకు తోడు లేదు, వాళ్ళకు తల్లి లేదు అంటావు. రెండు సగాలు చూసి ఒకటి చేద్దామనుకున్నావు. నేను సగాన్ని కాను. ఈ ఇంట్లో, ఈ వంటింట్లో, ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్న నేను నిండు మనిషిని. అయినా నాకు చేసినదాన్ని నేను దిగమింగుకోగలను. ఐదుగురు పిల్లలు నాలుగు రోజులు ఊపిరి బిగబట్టుకుని బతికారు. వాళ్ళ మాట వాళ్ళు నిలబెట్టుకున్నారు. నీది కాని దాన్ని వాళ్ళకు ఇస్తానన్నది నువ్వు. అది నేను మింగలేకపోతున్నాను.

మొన్న ఆదివారం, సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ముందు జరిగే ఆలోచన సభ. మన ముసలి డీకన్ ఆడవాళ్ళ వరుసల వెంట వస్తూ దేవునితోనూ మనుషులతోనూ సమాధానంగా ఉన్నావా అని ఒక్కొక్కరినీ అడిగాడు. ముప్పై ఏడేళ్ళుగా ఉన్నాననే చెప్పాను. ఈసారి లేనన్నాను. ముసలాయన మళ్ళీ అడిగాడు. లేను, నా తమ్ముడితో లేను, అన్నాను. ఒక్కరికి సమాధానం లేకపోయినా బల్ల జరగదు కదా, బిషప్ లేచి, మూడు వారాలు ఆపుదామన్నాడు. నా ఒక్కదాని వల్ల తొంభై మంది ఎదురుచూస్తున్నారు. బయట ఆల్టా నా పక్కన నడుస్తూ, “ముప్పై ఏళ్ళుగా బల్ల రోజున పాదాలు కడిగే వేళ నా పాదాలు కడుగుతున్నది నువ్వే. మూడు వారాల మురికి ఎక్కువైతే కాస్త గట్టిగా రుద్దుదువుగాని” అంది. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే కొంచెం వస్తున్నది.

ఇంతవరకు రాసింది నీ తప్పు. ఇక నాది. దీన్ని రాయడానికే వారం పట్టింది.

ఆ పిల్ల అడిగిన దానికి నేను జవాబు చెప్పలేదు. గాజు ముక్కలున్నాయి, కదలకు అని చీపురు తీసుకున్నాను. ఊడ్చిన చోటే మూడుసార్లు ఊడ్చాను. మర్నాడు వ్యాను కదిలేటప్పుడు అది కిటికీ అద్దానికి నుదురు ఆనించి నన్నే చూసింది. సీసా వల్ల కాదమ్మా, అని ఒక్క మాట చాలు. అదీ అనలేదు. ఎందుకంటే ముందు రోజు ఆ వంటింటి నేల మీద, ఒక్క ఊపిరి పాటు, వస్తాను అనాలనిపించింది. నీ ఎత్తు నా మీద అంత దూరం పారిందన్న సిగ్గు నన్ను మూగదాన్ని చేసింది. నా సిగ్గు కోసం ఆరేళ్ళ పిల్ల నెత్తిన ఆ నేరం పెట్టి విస్కాన్సిన్ దాకా పంపాను. పగలు నీ మీద కోపం. మోకరించినప్పుడు నా మీద.

సోమవారం ఆల్టా అల్లుడు మీ వైపు వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. చదవగానే నాకు జవాబు రాయకు. బండి కట్టు. కెటూరాను వెంట తీసుకుని ఎనస్ ఇంటికి వెళ్ళు. ఐదుగురినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, నేను అబద్ధం చెప్పాను, మీరు బుద్ధిగానే ఉన్నారు, అక్కను నేను అడగనే లేదు, అని నీ నోటితో చెప్పు. నేను చెప్పవలసిన మాట చెప్పకుండా ఊరుకున్నానని, అది నా తప్పని కూడా చెప్పు. ఆ తర్వాత నాకు రాయి. నీ క్షమాపణ రాయకపోయినా ఫరవాలేదు, ఎడ్నా ఏమందో రాయి. అది చదివి డీకన్ దగ్గరికి వెళ్తాను.

ఉత్తరంతో పాటు తువ్వాలులో చుట్టిన పీచ్ సీసా ఒకటి ఉంటుంది. దాన్ని ఎనస్ చేతికి ఇవ్వకు, నువ్వు పట్టుకుని నిలబడకు. ఎడ్నా చేతికే ఇవ్వు. గుమ్మం నుంచి బల్ల దాకా ఆ పిల్లనే మోసుకెళ్ళనీ. పడితే పడనీ. నా దగ్గర ఇంకా ఎనభై రెండున్నాయి.

ఇట్లు,
కోపంగా ఉన్నా నీ అక్కనే,
సవిల్లా