తీసేయమన్నది నేనే

ప్రియమైన అక్కకు,

నీ చెల్లి నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అమ్మా, బావగారూ, నేనూ క్షేమం. నీ ఒంట్లో ఎలా ఉందో ఈసారీ రాయలేదు. అక్కడ నీ టెలిస్కోపు నమూనా అద్దానికి పరీక్షలు బాగా జరుగుతున్నాయని మాత్రం రెండు పేజీలు రాశావు.

అమ్మ మోకాలి గురించి అడిగావు. నొప్పి తగ్గిందంటుంది గానీ, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది. బావగారు చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకుంటున్నారు. నిన్న ఒకదాని కాలరు కాల్చి, "మీ అక్కకు చెప్పకమ్మా" అన్నారు. చెప్పేశాను.

ఉపగ్రహం బరువు సంగతి తేలిందా అని కూడా అడిగావు. తేలింది. రాకెట్టు మోయగలిగిన దానికన్నా మనది ఎక్కువే. ఒకే నక్షత్రాన్ని ఎక్స్ కిరణాల్లో, అతినీలలోహిత కాంతిలో, మామూలు వెలుగులో ఒకేసారి చూడాలన్నది కదా మన ఆశ. ఆ మూడు టెలిస్కోపుల్లో ఒకటి వదులుకోక తప్పదన్నారు.

మంగళవారం సమావేశంలో డైరెక్టరుగారు నావైపు తిరిగారు. "బరువుల లెక్క నీది, ఏది తీసేయాలో నువ్వే చెప్పాలి. కానీ ఒక టెలిస్కోపు మీ అక్కది. ఇబ్బందైతే వేరేవాళ్లను అడుగుతానమ్మా."

"వద్దండీ, నేనే చెప్తాను" అన్నాను.

అక్కా, తీసేయమన్నది నీదే, మామూలు వెలుగును చూసేదే. మిగతా రెండు రకాల కిరణాలూ గాలి దాటి నేలకు దాదాపు చేరవు, పైనుంచే చూడాలి. మామూలు వెలుగును కిందనుంచైనా చూడొచ్చు. "మబ్బు పట్టిన రోజు ఏం చేస్తారే?" అంటావు. ఏమీ చేయలేం. ఆ సంగతీ వాళ్లకు చెప్పాను. చెప్పి కూడా, తీసేయమన్నాను. డైరెక్టరుగారు సరేనన్నారు. ఆ అద్దం కోసం నువ్వు పడ్డ పాట్లు అక్కడ అందరికీ తెలుసు.

ఆ పూట కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాను. ఏమైందని అమ్మ అడిగితే చెప్పాను.

"తోడబుట్టిందని చూడలేదటే?"

"చూశానమ్మా. అందుకే లెక్క మళ్లీ మళ్లీ కట్టాను."

అమ్మ నా కంచంలో మజ్జిగ పోసింది. "పరాయివాళ్ల నోట వినకముందే నువ్వే చెప్పు. తిడితే పడు" అంది.

ఫోనులో నీ గొంతు వింటే మాట మింగేస్తాను. అందుకే ఈ ఉత్తరం. వచ్చే వారం నీకు అద్దం పని ఆపేయమని ఉత్తర్వు అందుతుంది. నా లెక్కలు దీంతోపాటే పంపుతున్నాను. తప్పుంటే పట్టుకో, అందరి ముందూ నా మాట వెనక్కి తీసుకుంటాను. తప్పు దొరకకపోతే మాత్రం, కోపం చల్లారేదాకా అక్కడే ఉండిపోకు. కోపంతోనే ఇంటికి రా.

ఇట్లు,
నువ్వు వేలు పట్టుకుని ఈ పనిలోకి తెచ్చిన
నీ చెల్లి