డబ్బీలో లక్ష్మి

ధర్మపురి
శనివారం

బామ్మర్ది మోహన్‌రాజ్‌కు,

ఇక్కడ అందరమూ బాగున్నాము, నీ వెండి కాసు తప్ప.

నేను పాత కాసులు పోగేసేవాణ్ణి గదా అని, ఫారిన్ నుంచి తెప్పించిన ఆ కొత్త కాసును నా దగ్గర ఇచ్చి, అభిప్రాయం రాయమని చెప్పిపోయినావు. రాస్తున్నాను. అది కాసే కాదు, గుండ్రంగా కోసిన వెండి బిళ్ళ. నా జార్జి రూపాయి ఎన్ని సంతలు తిరిగిందో, ఎంతమంది రొండిన నలిగిందో, రాజు ముక్కే అరిగిపోయింది. నీది మాత్రం ప్లాస్టిక్ డబ్బీలో పుట్టి డబ్బీలోనే ఉండాలంట. వేలు తగిలితే విలువ పడిపోతుందంట. మారండహళ్ళి సంతలో కొత్తిమీర కట్ట కొనలేనిదానికి ఇంత గీర ఎందుకు?

ఇంకో మాట. దానిమీద నిలబడుకున్న ఆడమనిషిని మీ అక్క లక్ష్మి అనుకున్నది. నిన్న శుక్రవారం గదా, డబ్బీ పగలగొట్టి, విబూదితో తోమి, పసుపు కుంకుమ పెట్టి దేవుని గూట్లో పెట్టింది. కాసు ఒళ్ళంతా గీతలే. తమ్ముడు లక్ష్మిని తెచ్చిచ్చినాడని వీధంతా చెప్పుకుంటా ఉంది.

కావాలంటే వచ్చి తీసుకొని పో. అది లక్ష్మి కాదని మీ అక్కకు నువ్వే చెప్పాల. నాకు నోరు రాలేదు. ఆమె చూస్తా ఉంటే నేనూ దండం పెట్టినాను.

నీ బావ